సేవా గంటల్లో లేని సమ్మె

1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానో పట్టణం చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో ఫిలిప్పినో కూలీలు కోతకు దిగలేదు. గంటకు 1.40 డాలర్లు, పెట్టెకు 25 సెంట్లు ఇస్తేనే పని అన్నారు. అది జరిగి నెల తిరగకముందే, అక్టోబరు 3న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వడపోసే పాత కోటాల పద్ధతిని రద్దు చేసిన చట్టం అది. తర్వాతి దశాబ్దాల్లో మన డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా వెళ్లి కుటుంబాలతో స్థిరపడగలిగింది ఆ దారి తెరుచుకున్నందువల్లే. ఆ కుటుంబాల పిల్లలు ఇవాళ ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, శాన్ రామోన్ బడుల్లో చదువుకుంటున్నారు. ద్రాక్షతోటల సమ్మె గురించి సాంఘికశాస్త్రంలో వింటున్నారు. కార్మిక నాయకుల పేరు మీద పార్కులు శుభ్రం చేస్తున్నారు, ఫుడ్ బ్యాంకులకు డబ్బాలు సేకరిస్తున్నారు. ఆ సమ్మెకూ ఈ సేవకూ మధ్య ఉన్న సంబంధం మాత్రం వాళ్లకు ఎవరూ సరిగా చెప్పడం లేదన్నది నా అభిప్రాయం. కార్మిక నాయకుడి కథలోంచి సమ్మెను తీసి పక్కనపెట్టి, మిగిలిన మంచితనాన్ని సేవగా నేర్పితే పిల్లలకు ఆ నాయకుడూ అర్థం కాడు, సేవ అంటే ఏమిటో కూడా అర్థం కాదు.

ఈ పద్ధతి మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియా చట్టసభ వ్యవసాయ కార్మిక నాయకుడు సీజర్ చావెజ్ పుట్టినరోజైన మార్చి 31ని రాష్ట్ర సెలవుదినం చేసింది. బడిపిల్లలు ఆ సందర్భంగా వ్యవసాయ కార్మికోద్యమం గురించి చదివి, ఊరికి పనికొచ్చే సేవ ఏదైనా చేయాలని అందులోనే రాసుకుంది. 2013లో మరో చట్టం వచ్చింది. ఆ ఉద్యమంలో ఫిలిప్పినోల పాత్రను పాఠ్యాంశాల్లో చేర్చాలన్నది దాని సారాంశం. 2015లో అక్టోబరు 25ను, డెలానో సమ్మె మొదలుపెట్టిన ఫిలిప్పినో కూలీల నాయకుడి పేరు మీద, లారీ ఇట్లియాంగ్ దినంగా ప్రకటించారు. యూనియన్ సిటీలో అల్వరాడో మిడిల్ స్కూల్‌కు ఆయన పేరూ, ఆయన సహచరుడు ఫిలిప్ వేరా క్రూజ్ పేరూ కలిపి ఇట్లియాంగ్–వేరా క్రూజ్ అని పేరు మార్చారు. ఇంకోవైపు దేశమంతా సేవను గంటల్లో లెక్కించే అలవాటు పాతుకుపోయింది. హైస్కూలు పట్టా కావాలంటే 75 గంటల సేవ చేయాలని 1992లోనే మేరీల్యాండ్ నిబంధన పెట్టింది. రాష్ట్రమంతటా ఇలాంటి నియమం పెట్టినవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు. నిబంధన లేనిచోట కాలేజీ దరఖాస్తు ఆ పని చేస్తోంది. పిల్లవాడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఇంట్లో లెక్క మొదలవుతుంది: ఎన్ని గంటలయ్యాయి, సంతకం ఎవరు పెడతారు, ఏ పని అయితే దరఖాస్తులో బాగుంటుంది. తల్లిదండ్రుల ఆందోళన నిజమైనదే, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ గంటలు నిండాయా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న అయినప్పుడు, ఆ పని అవసరం అసలు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు చోటుండదు.

లారీ ఇట్లియాంగ్ జీవితం ఆ ప్రశ్నతోనే నిండి ఉంది. ఆయన 1913లో ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్ ప్రావిన్సులో, శాన్ నికోలాస్ అనే ఊళ్లో పుట్టారు. ఆరో తరగతితో చదువు ఆగింది. అమెరికా వెళ్లి లాయరు కావాలన్న ఆశతో 1929లో, పదిహేనేళ్ల వయసులో ఓడెక్కారు. లాయరు కాలేదు, పొలం కూలీ అయ్యారు. మరుసటి ఏడాదే వాషింగ్టన్ రాష్ట్రంలో లెట్యూస్ కూలీల సమ్మెలో ఉన్నారు. అలాస్కాలో చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో మూడు వేళ్లు పోగొట్టుకున్నారు. ‘ఏడు వేళ్ల’ లారీ అన్న పేరు జీవితాంతం అలాగే ఉండిపోయింది. స్టాక్టన్‌లో ఫిలిప్పినో కూలీలకు సంఘం పెట్టారు, తర్వాత జాతీయ కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్–సీఐఓ ఏర్పాటుచేసిన వ్యవసాయ కార్మికుల కమిటీలో నిర్వాహకుడయ్యారు. ఆయన ఇంత తిరగడానికి కారణం వ్యక్తిగతమైన కసి మాత్రమే కాదు, చట్టంలోనూ ఉంది. ఫ్యాక్టరీ కార్మికులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కునిచ్చిన 1935 నాటి జాతీయ కార్మిక చట్టం పొలం కూలీలను వదిలేసింది. కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇచ్చిన 1938 చట్టం కూడా వాళ్లను పక్కనపెట్టింది. రోజుకు 8 గంటలు దాటితే పొలం కూలీకి ఓవర్‌టైమ్ ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం చేసింది 2016లో. 1938కీ 2016కీ మధ్య ఎన్ని తరాల కూలీలు గడిచిపోయారో ఐదో తరగతి పిల్లవాడు కూడా తీసివేత చేసి చెప్పగలడు. ఆ తీసివేత చేయించకుండా పొలం కూలీల గౌరవార్థం మొక్కలు నాటించడం ఎందుకో నాకు అర్థం కాదు.

1965 మే నెలలో కోచెల్లా లోయలో ఫిలిప్పినో కూలీలు సమ్మె చేసి గంటకు 1.40 డాలర్లు సాధించారు. కోత ఉత్తరానికి జరిగి డెలానో చేరేసరికి అక్కడి యజమానులు అంతకంటే తక్కువే ఇస్తామన్నారు. సెప్టెంబరు 7 రాత్రి ఫిలిప్పినో కమ్యూనిటీ హాలులో ఓటేసి, మర్నాడు సమ్మెకు దిగారు. యజమానులకు ఒక పాత ఉపాయం ఉంది. ఫిలిప్పినోలు సమ్మె చేస్తే మెక్సికన్ కూలీలను, మెక్సికన్లు చేస్తే ఫిలిప్పినోలను తెచ్చి పని నడిపించడం. ఆ సంగతి ఇట్లియాంగ్‌కు ముప్ఫై ఏళ్ల అనుభవం. అందుకే మెక్సికన్ కార్మికుల సంఘాన్ని నడుపుతున్న సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాలను కలిసి చేతులు కలపమన్నారు. తమ సంఘం ఇంకా సమ్మెకు సిద్ధంగా లేదని చావెజ్ తటపటాయించారు. సెప్టెంబరు 16న డెలానోలోని గ్వాడలూపే చర్చిలో మెక్సికన్ కార్మికులు సభ పెట్టుకుని తామూ వస్తున్నామని ఓటేశారు. కార్మిక శిబిరాల్లో ఉంటున్న ఫిలిప్పినోలకు యజమానులు నీళ్లు, కరెంటు, గ్యాస్ ఆపేశారు, సామాన్లు బయటపడేశారు. అప్పుడు కమ్యూనిటీ హాలే అందరికీ వంటిల్లయింది. ఫిలిప్పినోలు వండారు, మెక్సికన్లు పక్కనే కూర్చుని తిన్నారు. అంతకుముందు దశాబ్దాలపాటు ఒకరి పనిని ఒకరు లాక్కునేలా చేయబడ్డ మనుషులు వీళ్లు. సమ్మె ఐదేళ్లు సాగింది. ద్రాక్షపండ్లు కొనవద్దన్న పిలుపు అమెరికా, కెనడా నగరాలకు పాకింది. 1970 జులై 29న డెలానో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

ఆ హాలులో నడిచిన వంటిల్లు సేవ కాదా? ఇవాళ బడిపిల్లలు ఫుడ్ బ్యాంకులో చేసే పనికి అది ఏ విధంగా తక్కువ? నా దృష్టిలో దానికంటే ఎక్కువ. అన్నం పెట్టినవాడూ, తిన్నవాడూ ఒకే సమ్మెలో ఉన్నారు. ఆకలి ఎందుకు వచ్చిందో ఇద్దరికీ తెలుసు, దాన్ని ఆపే ప్రయత్నంలో ఇద్దరూ భాగస్థులే. పెట్టేవాడికి పై చేయి లేదు, పుచ్చుకునేవాడికి చిన్నతనం లేదు. వంటిల్లు లేకపోతే ఆ సమ్మె నెల రోజులు కూడా నిలిచేది కాదు, సమ్మె లేకపోతే ఆ వంటింటి అవసరమూ ఉండేది కాదు.

అగ్బయాని విలేజ్ సంగతి మరింత స్పష్టమైన ఉదాహరణ. 1920ల్లో, 1930ల్లో అమెరికా వచ్చిన ఫిలిప్పినోల్లో అత్యధికులు పెళ్లికాని మగవాళ్లు. ఫిలిప్పినోలు తెల్లజాతి స్త్రీలను పెళ్లాడకుండా 1933లో కాలిఫోర్నియా తన వివాహ చట్టాన్ని సవరించింది. మరుసటి ఏడాది వచ్చిన సమాఖ్య చట్టం ఫిలిప్పీన్స్ నుంచి వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. జాతుల మధ్య పెళ్లిళ్లపై నిషేధాన్ని 1948లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేనాటికి ఆ మగవాళ్ల వయసు దాటిపోయింది. దాంతో ఒక తరం మొత్తం భార్యాబిడ్డలు లేకుండా శిబిరాల్లోనే ముసలిదైంది. తర్వాతి తరాలు వాళ్లను ‘మనోంగ్‌లు’ అని గౌరవంగా పిలుచుకున్నాయి. సమ్మెలో శిబిరాలు పోవడంతో ఉన్న ఆ చోటు కూడా పోయింది. 1967లో పికెటింగ్ చేస్తూ గుండెపోటుతో చనిపోయిన పాలో అగ్బయాని పేరుమీద, డెలానో శివార్లలో సంఘానికి చెందిన ఫార్టీ ఏకర్స్ స్థలంలో, వృద్ధ కార్మికుల కోసం 58 గదుల నివాసం కట్టారు. దేశదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు ఇటుకలు పేర్చారు. వాళ్లలో విద్యార్థులు ఎందరో ఉన్నారు. 1974లో అది పూర్తయింది. ఇట్లియాంగ్ చివరిదాకా ఈ వృద్ధ కార్మికుల బాగోగుల కోసమే తిరిగారు.

బడిలో సేవా పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ విద్యార్థులు చేసినది అచ్చమైన శ్రమదానం. అయితే ఈ ముసలివాళ్లకు ఇల్లు ఎందుకు లేదు అని అడిగితే సమాధానం ఒక వివాహ చట్టం దగ్గరికి, ఒక వలస చట్టం దగ్గరికి, ఒక కూలి రేటు దగ్గరికి తీసుకెళ్తుంది. ఇవాళ వృద్ధాశ్రమానికి వెళ్లి పాటలు పాడి, గంటల కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చే పిల్లవాడికి కూడా ఆ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి కదా. ఈ పెద్దాయన ఏం పనిచేసేవాడు, పింఛను ఎంత వస్తోంది, పిల్లలు ఎక్కడున్నారు, ఇక్కడ ఆయన్ని కనిపెట్టుకునే ఆయాకు జీతమెంత? పాట పాడటం మానమని ఎవరూ అనడం లేదు. పాట తర్వాత ఒక గంట కూర్చుని వినమంటున్నాం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. జోయెల్ వెస్ట్‌హైమర్, జోసెఫ్ కాన్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు అమెరికాలో పౌరవిద్యను నేర్పే కార్యక్రమాలను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. బడులు మూడు రకాల పౌరులను తయారుచేయాలని చూస్తున్నాయని వాళ్లు తేల్చారు. ఆహార సేకరణ జరుగుతుంటే తన వంతు ఇచ్చేవాడు ఒక రకం, ఆ సేకరణను నిర్వహించేవాడు రెండో రకం, అసలు జనం ఎందుకు పస్తులుంటున్నారని అడిగి దాని మీద పనిచేసేవాడు మూడో రకం. ఎక్కువ కార్యక్రమాలు మొదటి రకం దగ్గరే ఆగిపోతాయని వాళ్ల ఫిర్యాదు. ఈ అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచినది మరొకటి. స్థానిక సంస్థలతో కలిసి పని చేయించిన బడిలో పిల్లలకు పని నడిపించే నేర్పు వచ్చింది గానీ, అన్యాయానికి మూలం ఎక్కడుందన్న ఆలోచన పెద్దగా పెరగలేదు. అన్యాయం గురించి లోతుగా చర్చించిన బడిలో ఆలోచన పెరిగింది గానీ, రంగంలోకి దిగి పని చేసే నేర్పు అంతగా రాలేదు. అంటే ప్రశ్న ఒక్కటే నేర్పినా లాభం లేదు. సేవను తీసేసి ఉపన్యాసం పెట్టమని అడిగేవాళ్లకు ఇది హెచ్చరిక. డెలానో పాఠం విలువ ఇక్కడే ఉంది. అక్కడ వంట చేసినవాళ్లే ఓటేశారు.

పసిపిల్లలకు సమ్మె ఏం అర్థమవుతుందని కొందరు టీచర్లు అడుగుతారు. చట్టాల పేర్లు అర్థం కావు, నిజమే. న్యాయం, అన్యాయం మాత్రం ఆరేళ్ల పిల్లకు పెద్దవాళ్లకంటే చురుగ్గా తెలుస్తాయి. బడి తోటలో కలుపు తీయించడం కాలిఫోర్నియా బడుల్లో మామూలు సేవా కార్యక్రమం. ఆ తోటలోనే ఒకరోజు అడుగున్నర కూడా లేని పొట్టి పిడి పారతో పిల్లల చేత కాసేపు కలుపు తీయించి, తర్వాత పొడుగు పిడి పార ఇవ్వండి. సలీనాస్ లోయలో లెట్యూస్ కూలీలు ఏళ్ల తరబడి ఆ పొట్టి పారతో నడుం వంచి పనిచేసి వెన్నెముకలు పాడుచేసుకున్నారు. పొడుగు పిడి వాడితే పంట పాడవుతుందని యజమానులు వాదించారు. పేద కూలీల తరఫున లాయర్లు ఏళ్లపాటు పోరాడాక, 1975లో ఆ పారను కాలిఫోర్నియా నిషేధించింది. తర్వాత పంటకేమీ నష్టం రాలేదు. నడుం నొప్పి తెలిసిన పిల్లకు ఈ నాలుగు వాక్యాలు చాలు. కొంచెం పెద్దవాళ్లకు డాన్ మబలాన్, గేల్ రొమసాంటా కలిసి రాసిన ‘జర్నీ ఫర్ జస్టిస్’ ఉంది. ఇట్లియాంగ్ జీవితం మీద పిల్లల కోసం 2018లో వచ్చిన బొమ్మల పుస్తకం అది.

ఇది బడిలోకి రాజకీయాలు తేవడమేనన్న అభ్యంతరం ఇంకా బలమైనది. క్లాసులో తోట యజమానుల పిల్లలూ ఉంటారు, వాళ్ల తాతలను దుర్మార్గులుగా చూపించడం న్యాయమా అని అడుగుతారు. న్యాయం కాదు. డెలానో యజమానుల్లో చాలామంది ఇటలీ నుంచి, క్రొయేషియా తీరం నుంచి వలసవచ్చి చెమటోడ్చి తోటలు పెంచిన కుటుంబాలవాళ్లు. పండిన ద్రాక్షను కొద్దిరోజుల్లోనే కోయకపోతే తీగమీదే పాడవుతుంది, సరిగ్గా ఆ సమయం చూసే కూలీలు పని ఆపారు. ఈ సంగతీ పాఠంలో ఉండాలి. యజమాని లెక్క, కూలీ లెక్క రెండూ బోర్డు మీద రాసి, ఎవరి లెక్కలో ఎక్కడ సడలింపు ఉందో పిల్లలను తేల్చమనాలి. సమ్మెను దాచిపెట్టి నాయకుడి బొమ్మకు దండ వేయించడం కూడా రాజకీయమే, ఒక పక్షం మాట వినపడకుండా చేసే రాజకీయం. మన కుటుంబాలకు ఈ విషయంలో మరో బాధ్యత ఉంది. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది భూమి ఉన్న ఇళ్ల నుంచి వచ్చారు. మన ఇళ్లలో వ్యవసాయం అనగానే అప్పుల్లో ఉన్న రైతు గుర్తొస్తాడు, ఆయన కష్టం నిజం. ఆయన పొలంలో నాట్లేసిన ఆడకూలీ మాత్రం మన కథల్లో పేరు లేకుండా మిగిలిపోతుంది. పిల్లలకు తాతగారి పొలం గురించి చెప్పేటప్పుడు ఆమె గురించి కూడా చెబితే, డెలానో పాఠం వాళ్లకు పరాయిదిగా తోచదు.

నాయకుల లోపాల మాటేమిటన్న ప్రశ్నకు నా సమాధానం, వాటిని దాచవద్దనే. ఉద్యమాన్నంతా ఒక్క మనిషి భుజాల మీద పెట్టడం వల్లే ఈ చిక్కు వస్తుంది. 1966లో రెండు సంఘాలూ కలిశాక చావెజ్ డైరెక్టర్, ఇట్లియాంగ్ ఆయన కింద అసిస్టెంట్ డైరెక్టర్. సమ్మె మొదలుపెట్టిన ఫిలిప్పినోలు కలిసిన సంఘంలో మైనారిటీ అయిపోయారు. ఒప్పందాల తర్వాత పనులు పంచిన పద్ధతిలో ఏళ్ల తరబడి ఒకే ముఠాగా తిరిగిన వృద్ధ ఫిలిప్పినోలకు నష్టం జరిగింది. తమవాళ్ల గోడు పైవాళ్లకు వినపడటం లేదన్న అసంతృప్తితో ఇట్లియాంగ్ 1971లో రాజీనామా చేశారు. ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ సైనిక పాలన సాగుతుండగా 1977లో చావెజ్ అక్కడికి వెళ్లి ఆ ప్రభుత్వ ఆతిథ్యం తీసుకోవడాన్ని ఫిలిప్ వేరా క్రూజ్ సహించలేక సంఘం వదిలారు. న్యాయం కోసం పుట్టిన సంఘంలోనూ అన్యాయం జరగొచ్చని, అప్పుడు లోపలినుంచి అడగాల్సి వస్తుందని పిల్లలకు తెలియడం మంచిదే. ఒక్క పేరు మీద కట్టిన పాఠం ఆ పేరుకు మచ్చపడితే కూలిపోతుంది. ఇట్లియాంగ్, వేరా క్రూజ్, వెర్టా, చావెజ్, పాలో అగ్బయాని, హాలులో వంట చేసిన పేరు తెలియని కూలీలు, వీళ్లందరితో చెప్పిన పాఠం నిలుస్తుంది.

మన పిల్లలకు చెప్పాల్సిన సంగతి మరొకటుంది. భారతీయులకు, ఫిలిప్పినోలకు అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చింది ఒకే చట్టంతో. 1946 జులైలో వచ్చిన లూస్–సెల్లర్ చట్టం రెండు దేశాలకూ ఏడాదికి చెరో 100 మంది వలసకు కోటా ఇచ్చింది. అప్పటిదాకా ఇద్దరినీ ఒకే తలుపు బయట నిలబెట్టారు. ఈ అక్టోబరు 25న, ఇట్లియాంగ్ దినానికి, మీ పిల్లల బడిలో ఏం చేస్తున్నారో అడగండి. పార్కు శుభ్రం చేస్తున్నామంటే సంతోషించండి, దాంతోపాటు సమ్మె గురించి ఒక పీరియడ్ కేటాయించమని కోరండి. తెలుగు సంఘాలు వేసవిలో పిల్లలకు సేవా గంటలు ఏర్పాటుచేసేటప్పుడు ప్రతి పనికీ ముందు ఒక చర్చ పెట్టండి, సేవ అందుకునేవాళ్లను కూడా అందులో కూర్చోబెట్టండి. లాస్ ఏంజెలిస్ నుంచి డెలానోకు కారులో రెండున్నర గంటలు, ఫ్రీమాంట్ నుంచి నాలుగు గంటలు. ఫార్టీ ఏకర్స్‌ను 2008లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అగ్బయాని విలేజ్ అక్కడే ఉంది. సెలవుల్లో ఒకసారి పిల్లలను తీసుకెళ్లి చూపించండి.